అణుభారం లెక్కలో నీటిని వదిలేస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడితే విశాఖ కాలేజీ ల్యాబుల్లో ఆక్జాలిక్ ఆమ్లం సీసాలు బల్లల మీదికి వస్తాయి. అణుభారం (అణువులోని పరమాణువుల భారాల మొత్తం) కట్టేటప్పుడు పిల్లలు దశాంశాలకు భయపడతారు, మార్కులూ అక్కడే పోతున్నాయి. నిజానికి ఈ ఆమ్లానికి 126.06 బదులు 126 వేసుకుంటే వచ్చే తేడా పదివేలకు ఐదు పాళ్లే. స్ఫటిక జలం, అంటే స్ఫటికంలో కలిసి ఉండే నీరు, మరిచిపోతే మాత్రం నూటికి 28 పాళ్లకు పైగా ఎగిరిపోతుంది.

లెక్క చూడండి. సీసాలోని ఆక్జాలిక్ ఆమ్లం ఫార్ములా H₂C₂O₄·2H₂O. రెండు హైడ్రోజన్లకు 2.016, రెండు కార్బన్లకు 24.022, నాలుగు ఆక్సిజన్లకు 63.996, వెరసి 90.034. చాలామంది ఇక్కడే కలం ఆపేస్తారు. ఫార్ములాలో చుక్క తర్వాత ఉన్న రెండు నీటి అణువులకు 36.03 కలిపితేనే 126.06 వస్తుంది. 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్; ఒక మోల్ అంటే అణుభారమంత గ్రాములు) ద్రావణం 250 మి.లీ. కావాలంటే 0.05ను 0.25తో, ఆపైన 126.06తో గుణించి 1.576 గ్రాములు తూచాలి. 90 వేసుకున్నవారు 1.125 గ్రాములే తూస్తారు.

ఫ్లాస్కులో చూస్తే రెండూ ఒకేలా తేటగా ఉంటాయి. 20 మి.లీ. పిపెట్‌తో తీసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేసి, పర్మాంగనేట్ గాఢత తేల్చే టైట్రేషన్ చేస్తే (రంగు నిలిచేదాకా దాన్ని చుక్కచుక్కగా కలిపితే), 0.02 మోలార్ పర్మాంగనేట్ 20 మి.లీ. దిగాల్సింది 14.3 దగ్గరే లేత గులాబీ రంగు నిలిచిపోతుంది. మూడుసార్లు చేసినా అదే రీడింగ్ కాబట్టి అనుమానమే రాదు, పర్మాంగనేట్ గాఢత 0.028 అని రికార్డులోకి ఎక్కుతుంది.

పటికలో 12 నీటి అణువులుంటాయి. ఆ 12ను హైడ్రోజన్‌కు మాత్రమే వేసి ఆక్సిజన్‌ను ఒక్కటిగా లెక్కిస్తే, 474 రావాల్సింది 298 దగ్గర ఆగిపోతుంది. అమోనియం సల్ఫేట్, (NH₄)₂SO₄లో బ్రాకెట్ బయటి 2ను నైట్రోజన్‌కు వేయకపోతే అణుభారం 132కు బదులు 118 అవుతుంది. అప్పుడు నైట్రోజన్ శాతం 21.2 నుంచి 11.9కి పడిపోతుంది. ఎరువు మోతాదు కట్టేవారికి ఇది చిన్న తప్పు కాదు.

అలాగని అంకె బట్టీపట్టినా లాభం లేదు. సోడియం కార్బనేట్ అనార్ద్రమైతే (నీరు లేనిదైతే) 106, పది నీళ్లున్న చాకలి సోడా అయితే 286. ఏది వేసుకోవాలో సీసా మీది లేబులే చెప్పాలి. ల్యాబుల్లో పెద్ద సీసాలోంచి చిన్న సీసాల్లోకి పోసి, చేత్తో ‘ఆక్జాలిక్ యాసిడ్’ అని మాత్రం రాసి అంటిస్తున్నారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మన సముద్రపు గాలికి చెమ్మగిల్లిందని ఆ ఆమ్లాన్ని 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం. తడితోపాటు స్ఫటిక జలమూ పోతుంది, ఇక 126 చెల్లదు. ఓవెన్‌లో ఆరబెట్టవలసింది అనార్ద్ర సోడియం కార్బనేట్‌ను. సోడియం హైడ్రాక్సైడ్ సంగతి వేరు: అణుభారం 40 సరైనదే అయినా, తూచుతుండగానే చెమ్మ పీల్చేస్తుంది కనుక ఆ తూకాన్ని నమ్మకూడదు. ఆక్జాలిక్ ఆమ్లంతో టైట్రేట్ చేసి దాని గాఢత తేల్చుకోవాలి.

ఈ పిల్లల్లో కొందరు రేపు విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా ల్యాబుల్లో పనిచేస్తారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ లవణం 500 మి.గ్రా.లో అసలు మెట్‌ఫార్మిన్ 390 మి.గ్రా. మాత్రమే, మెట్‌ఫార్మిన్ అణుభారం 129.2ను లవణం అణుభారం 165.6తో భాగిస్తే తేలే లెక్క అది. లవణం భారమేదో, మూలపదార్థం భారమేదో అక్కడ రోజూ విడదీసి చూసుకోవాలి.

కాబట్టి ఈ ప్రాక్టికల్స్‌లోపే ప్రతి చిన్న సీసా మీదా నీటి అణువులతో సహా పూర్తి ఫార్ములా, అణుభారం రాయించాలని కాలేజీలను కోరుతున్నాం. పేపర్లు దిద్దేవారు దశాంశం తప్పుకు అరమార్కు తగ్గించినా, చుక్క తర్వాతి నీటిని వదిలేసిన జవాబును మాత్రం ఎర్ర సిరాతో చుట్టి చూపించాలి.

– రసాయనశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం