ట్రాక్ కారుకు ముందు ఆయిల్, ఆ తర్వాతే హార్స్‌పవర్

సంపాదకుల వారికి,

టయోటా జీఆర్86 స్పోర్ట్స్ కారుకు జీఆర్‌ఎంఎన్ (టయోటా రేసింగ్ విభాగం పరిమిత సంఖ్యలో చేసే ప్రత్యేక కార్ల పేరు) పేరుతో ఒక ట్రాక్ వెర్షన్ రావాలన్న అభిమానుల ఆశ మీద మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాం. ఆ ఆశ మాకూ ఉంది. అయితే వ్యాసమంతా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం), 300 హార్స్‌పవర్ అనే రెండు మాటల చుట్టూనే తిరిగింది. ఈ కారు ట్రాక్ మీద ఎక్కడ ఇబ్బంది పడుతుందో తెలిసినవాళ్లు కోరుకునేవి వేరే ఉన్నాయి. వాటి గురించి రాయాలనిపించింది.

2021లో వచ్చిన ఈ రెండో తరం కారులో 2,387 సీసీ ఎఫ్‌ఏ24 ఇంజిన్ ఉంది. టర్బో లేదు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం నొక్కుకునే నిష్పత్తి) 12.5:1. జపాన్ లెక్కలో 235 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్), అమెరికా లెక్కలో 228 హార్స్‌పవర్. 250 న్యూటన్ మీటర్ల టార్క్ 3,700 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. 2012 నాటి 2.0 లీటర్ ఇంజిన్‌లో 4,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల టార్క్ కుంగడం పెద్ద ఫిర్యాదు. ఆ లోటు ఇందులో చాలావరకు తీరింది. సుమారు 1,270 కిలోల కారుకు ఈ బలం సరిపోతుంది. సరిపోనిది ఆ బలాన్ని ఇరవై నిమిషాలపాటు నిలబెట్టే ఏర్పాటు.

మొదటి సమస్య ఆయిల్ అందకపోవడం. ఇది బాక్సర్ ఇంజిన్. సిలిండర్లు రెండేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. ఇంజిన్‌ను నేలకు దగ్గరగా బిగించడానికి అది మేలే గానీ, దాని కింద ఆయిల్ చాంబర్ లోతు తగ్గిపోతుంది. జపాన్‌లోని ఫుజీ స్పీడ్‌వేలో 100ఆర్ అనే కుడి మలుపు ఉంది. వంద మీటర్ల వ్యాసార్ధం అని పేరే చెబుతోంది. అలాంటి మలుపును 120 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు 1.1 జీ (భూమి ఆకర్షణకు 1.1 రెట్లు) బలం పడుతుంది. అప్పుడు చాంబర్‌లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు దాటి ఎడమకు ఒరుగుతుంది. ఎడమ సిలిండర్ హెడ్‌లోకి చేరిన ఆయిల్ మలుపు పూర్తయ్యేదాకా కిందికి జారదు. ఈలోగా చాంబర్ నుంచి పంపుకు ఆయిల్ లాగే పికప్ గొట్టం ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. మంచి గ్రిప్ ఉన్న టైర్లతో పొడవాటి కుడి మలుపులు తిరిగినప్పుడు ఇలా ప్రెషర్ పడిపోవడం ఎందరో యజమానుల డేటా లాగర్లలో నమోదైంది. ముందు దెబ్బ తినేవి కనెక్టింగ్ రాడ్ బేరింగులు. వెంటనే చప్పుడేమీ రాదు. కొన్ని ట్రాక్ రోజుల తర్వాత డ్రెయిన్ చేసిన ఆయిల్‌లో మెరిసే పొడి కనబడుతుంది. సవ్యదిశలో తిరిగే సర్క్యూట్లలో కుడి మలుపులే ఎక్కువ. ఫుజీ అలాంటిదే, మన గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ కూడా అలాంటిదే.

దీనికి డ్రై సంప్ (ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు) వరకు పోనక్కర్లేదు. చాంబర్‌లో అడ్డుగోడలు, ఆయిల్‌ను పికప్ వైపు మాత్రమే వదిలే తలుపులు, మరో లీటరు నిల్వ ఉంటే చాలావరకు గండం గట్టెక్కుతుంది. కంపెనీయే ఇస్తే వారంటీ గొడవ ఉండదు. బయట అమ్మే అక్యుమ్యులేటర్ సీసా ప్రెషర్ తగ్గిన క్షణంలో ఆయిల్‌ను లోపలికి తోసి కాపాడుతుంది గానీ, దానికి చోటు వెతకడం, గొట్టాలు నడపడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఇంకొకటి సిలికాన్ పేస్ట్ సంగతి. ఇంజిన్ భాగాల అతుకుల దగ్గర ఎక్కువైన పేస్ట్ లోపలికి పొంగి, ముక్కలుగా ఊడి పికప్ జాలీలో చిక్కుకున్నట్టు చాంబర్ విప్పిన యజమానులు ఫొటోలతో సహా చూపించారు. ట్రాక్‌కు వెళ్లేముందు చాంబర్ దించి జాలీ చూసుకోవడం మంచిది. తిరిగి బిగించేటప్పుడు రెండు అంచుల మీదా పాత పేస్ట్ పూర్తిగా గీకి, శుభ్రంగా తుడిచి, సన్నటి గీతలా మాత్రమే కొత్తది పెట్టాలి. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి. మందంగా పూస్తే మళ్లీ అదే ముప్పు.

ఇక వేడి. ఈ ఇంజిన్‌కు 0డబ్ల్యూ-20 ఆయిల్ వాడమంటారు. ఆ గ్రేడు చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 130 డిగ్రీలకు చేరితే అందులో దాదాపు 60 శాతానికి పడిపోతుంది. ఎండలో గట్టిగా నడిపితే ఆ వేడి రావడం వింతేమీ కాదు. మన ప్రాంతపు లెక్క ఇంకా కఠినం. ఆయిల్ 120 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు బయటి గాలి 20 డిగ్రీలైతే తేడా 100. అదే గాలి 40 డిగ్రీలైతే తేడా 80. అంటే అదే కూలర్ అయిదో వంతు తక్కువ పనిచేస్తుంది. అందుకే ట్రాక్ వెర్షన్‌లో గాలితో చల్లబడే పెద్ద ఆయిల్ కూలర్, థర్మోస్టాట్ ఉన్న ప్లేటు తప్పనిసరి. థర్మోస్టాట్ లేకపోతే చలికాలం ఉదయాల్లో ఆయిల్ వేడెక్కదు. కూలర్‌ను సరిగ్గా రేడియేటర్ ముందు అడ్డంగా పెడితే ఆయిల్ చల్లబడుతుంది, నీళ్లు మరుగుతాయి. గొట్టాలు బంపర్ ఇనుముకు రాసుకుని చిల్లు పడటమూ తరచూ జరిగేదే. ఇవన్నీ కంపెనీ స్థాయిలో ఒక్కసారి ఆలోచిస్తే తీరే చిక్కులు.

బ్రేకుల విషయంలో దారి ఇప్పటికే కనబడింది. అమెరికాలో 2025 మోడల్‌కు ఇచ్చిన పెర్ఫార్మెన్స్ ప్యాకేజీలో బ్రెంబో బ్రేకులు, శాక్స్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వచ్చాయి. బ్రేకు ప్యాడ్లను నొక్కే పిస్టన్లు ముందు నాలుగు, వెనక రెండు. అది మంచి మొదలే. కానీ డ్రైవరుతో కలిపి 1,350 కిలోల కారును 200 నుంచి 80 కిలోమీటర్లకు దించితే సుమారు 17.5 లక్షల జౌల్స్ వేడి పుడుతుంది. ల్యాపుకు నాలుగైదు చోట్ల ఇలా జరిగితే పెద్ద డిస్కు కూడా ఆ వేడిని దాచుకోలేదు. డిస్కు మధ్యలోకి గాలి తీసుకెళ్లే డక్టులు కావాలి. యజమాని చేయాల్సిన పనీ ఉంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. తీరప్రాంతాల్లో తేమ ఎక్కువ కాబట్టి ప్రతి ట్రాక్ రోజుకు ముందు ఫ్లూయిడ్ మార్చి ఎయిర్ తీయించాలి. ప్యాడ్ సగం అరిగితే మార్చేయాలి, పలచబడ్డ ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కు చేరవేస్తుంది. చివరి ల్యాపు బ్రేకు తక్కువ వాడుతూ నెమ్మదిగా రావాలి, ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు.

ముందు చక్రాల క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం నిలువు నుంచి ఒరిగిన కోణం) మరో లోటు. ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కడ్డీ). కంపెనీ నుంచి వచ్చేటప్పుడు క్యాంబర్ దాదాపు సున్నా. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే బరువంతా పడి, ఖరీదైన టైరు లోపలి భాగం కొత్తగా ఉండగానే అంచు గుండైపోతుంది. స్ట్రట్ పైన గీతలు గీసిన ప్లేటు ఇచ్చి, రోడ్డుకు ఒక గుర్తు, ట్రాక్‌కు నెగెటివ్ (చక్రం పైభాగం లోపలికి ఒరిగేలా) 2.5 నుంచి 3 డిగ్రీల దగ్గర ఇంకో గుర్తు పెడితే చాలు. క్యాంబర్ కదిపితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) కూడా కదులుతుంది కాబట్టి రెండు స్థానాల్లోనూ టో ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో అచ్చువేయాలి.

టర్బో కోరేవాళ్లను తప్పుపట్టం. 2022 నుంచి జపాన్ సూపర్ తైక్యూ పోటీల్లో టయోటా 1.4 లీటర్ మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్‌తో ఈ కారునే పరుగెత్తించింది కూడా. అయితే టర్బో వస్తే ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే పరికరం) వస్తుంది, ముందు భాగంలో గాలికి పోటీ పెరుగుతుంది. చల్లబరచడం తేల్చకుండా బలం పెంచితే ట్రాక్ మీద నడిపే ఒక్కో విడత మరింత పొట్టిదవుతుంది.

మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది సంఖ్య. 2016 నాటి మొదటి తరం 86 జీఆర్‌ఎంఎన్‌లో కార్బన్ బానెట్, కార్బన్ రూఫ్ పెట్టి వెనక సీటు తీసేశారు. బాగానే ఉంది, కానీ చేసింది 100 కార్లు. 2022 జీఆర్‌ఎంఎన్ యారిస్ 500, అవీ జపాన్‌కే. వందల్లో చేస్తే ఆ కార్లు ట్రాక్ ముఖం చూడవు, దాచుకునేవాళ్ల షెడ్లలో చేరతాయి. చాంబర్, కూలర్, డక్టులు, క్యాంబర్ ప్లేటు ఈ నాలుగింటినీ పార్ట్ నంబర్లతో విడిగా అమ్మితే ఇప్పటికే రోడ్డు మీదున్న కార్లన్నీ బాగుపడతాయి.

మన దేశంలో ఈ కారును అధికారికంగా అమ్మడం లేదు. జపాన్ కార్లు మనలాగే కుడి స్టీరింగ్‌వి. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం ఇక్కడ మళ్లీ హోమోలొగేషన్ (పరీక్షలతో ప్రభుత్వ ఆమోదం) చేయించకుండా ఏడాదికి 2,500 దాకా దిగుమతి చేసుకునే వీలు కంపెనీలకు ఉంది. సుంకాల భారం తెలిసిందే. అయినా కొద్ది కార్లు తెచ్చేందుకు దారి మూసుకుపోలేదు.

మీ పేజీకి ఒక మనవి. రేపు ఈ కారైనా, ఇలాంటి మరొకటైనా సమీక్షించినప్పుడు సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో రాయండి. దాని పక్కనే, ట్రాక్ మీద ఇరవై నిమిషాలు నడిపాక ఆయిల్ ఎన్ని డిగ్రీలకు చేరింది, పొడవాటి కుడి మలుపులో ప్రెషర్ ఎంతకు పడింది, బ్రేక్ పెడల్ మొదటి ల్యాపుకన్నా ఎంత లోపలికి వెళ్లింది అనే మూడు అంకెలు కూడా ఇవ్వండి.

ఇట్లు,
కొందరు ట్రాక్ డ్రైవింగ్ అభిమానులు, హైదరాబాద్