సుబ్బూకి, మామ్మ వినకుండా

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరానికి రెండు నెలల తర్వాత జవాబు రాస్తున్నాను, ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. నాన్నకి బీపీ తగ్గింది, చెల్లి ఉద్యోగంలో చేరింది, కోతలు అయిపోయాయి. కబుర్లు అంతే. అసలు సంగతి ఫోన్లో చెబుదామంటే మామ్మ పక్కనే కూర్చుంటోంది.

మన పండుని పట్టుకెళ్ళిపోయార్రా.

అవును, ఆ పండే. గాలివానకి కూలిన కొబ్బరిచెట్టు తొర్రలో దొరికితే మామ్మ పాలన్నం పెట్టి బతికించిన రామచిలుక. మొన్న మంగళవారం పొద్దున్నే అటవీ శాఖ వాళ్ళు ఇద్దరు జీపులో దిగారు. "మామ్మగారూ, చిలకని పెంచకూడదండి, 1972లోనే చట్టం వచ్చింది" అన్నాడు పెద్దాయన. మామ్మ ఊరుకుంటుందా? "నా పెళ్ళి 1968లో అయ్యింది నాయనా, మీ చట్టం కంటే ముందే చిలకతో కాపురానికొచ్చాను" అంది. ఆయన నవ్వాపుకుంటూ, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటూ పంజరం దగ్గరికి వంగాడు. పండు మెడ వాల్చి ఆయన్ని ఎగాదిగా చూసి, అచ్చం నీ గొంతుతో, "దొంగ సచ్చినోడా!" అంది.

నీ చలవేరా! ఇంటర్ సెలవుల్లో జామకాయ ముక్కలు లంచమిచ్చి నేర్పావు కదా. పదకొండేళ్ళుగా మామ్మ "రామా" అనిపించలేకపోయింది. నాకు నవ్వాగలేదు. నాన్న చూసిన చూపుకి నూతిలో దూకుదామనిపించింది.

మామ్మ అడిగిందిరా. గుడి ముందు జోస్యం చెప్పేవాడి చిలకో? అదీ నేరమేనట. పక్కింటి ఆస్ట్రేలియా పిట్టలో? అవి మన అడవి పక్షులు కావు కాబట్టి ఫర్వాలేదట. "అయితే నిరుడు ఒకడు మన వీధి కుక్క నడుం విరగ్గొట్టాడే, వాడికి ఎంత వేస్తారు?" అంటే ఆయన మాట మార్చేశాడు.

రాత్రి నేను వెతికి చూశాను. జంతువుల్ని హింసించకూడదని 1960లో ఒక చట్టం ఉంది. మొదటిసారి పట్టుబడితే పది నుంచి యాభై రూపాయలు జరిమానా! మన సెంటర్లో ప్లేటు ఇడ్లీ డబ్బులు. సంక్రాంతికి కోడికి కత్తి కట్టి బరి పెట్టినా ఈ చట్టం కింద అదే యాభై (పందెం కాసినందుకు వేరే కేసనుకో). చిలకల చట్టానికేమో 2022లో సవరణ చేసి పాతిక వేల జరిమానాని లక్ష చేశారు. ఆ 1960 చట్టం మాత్రం అరవై ఏళ్ళు దాటినా ఆ అణాల కాలంలోనే ఉంది.

మామ్మ వయసు చూసి కేసు రాయలేదులే. కాగితం మీద సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళారు. ఒక్కసారిగా వదిలేస్తే కాకులు బతకనివ్వవట, ముందు తోటి చిలకలతో కలిపి పెద్ద జాలీలో ఉంచుతారట.

ఇంకో మాట. ఆ 1960 చట్టంలోనే, సరిగ్గా కదలడానికి చోటు లేని పంజరంలో పెట్టడం కూడా నేరమని ఉంది. అది చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పండు రెక్కలు పూర్తిగా విప్పడం నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. ఆ కుక్కని కొట్టినవాడి మీద నాకు ఎంత కోపమో, కానీ మనం కూడా... సర్లే.

మామ్మ రోజూ ఖాళీ పంజరం కడిగి, జామకాయ కోసి పెడుతోంది. సాయంత్రానికి చీమలు పడుతున్నాయి.

ఇక ఫోన్లో చెప్పలేని ముక్క. వాళ్ళకి ఎలా తెలిసిందో మామ్మ ఇంటింటికీ వెళ్ళి ఆరా తీస్తోంది. పండు మాట్లాడుతున్న వీడియో ఊరిపేరుతో సహా స్టేటస్ పెట్టింది నేనేరా. నువ్వు కూడా నవ్వుతున్న బొమ్మలు పంపావు. నోరు జారావో, పండుకి ఆ తిట్టు ఎవరు నేర్పారో నేనూ చెప్పేస్తాను.

తమ్ముడు పోస్టాఫీసుకి బయల్దేరి హారన్ కొడుతున్నాడు. ఆ జాలీ దగ్గరికి మామ్మని ఒకసారి తీసుకెళ్దామా అని, కానీ అది మామ్మని చూసి గుర్తుపట్టకపోతే... వస్తున్నాన్రా బాబూ, ఆగు!

నీ,
బుజ్జి