పెంటాక్స్ కే1000 షట్టర్: అన్నకీ, మాస్టారికీ కృతజ్ఞతలు

మా మేనమామ వాడిన పాత ఫిల్ము కెమెరా పెంటాక్స్ కే1000 మళ్ళీ సరిగ్గా పనిచేస్తోంది. ఫోన్లో ఓపిగ్గా దారి చూపించిన ఫొటోగ్రాఫర్ అన్నకి, కోఠిలో దాన్ని విప్పి బాగుచేసిన మెకానిక్ మాస్టారికి నమస్కారాలు.

షట్టర్ స్పీడు (ఫిల్ము మీద వెలుతురు పడే సమయం) 1/125 సెకను దాకా ఫొటోలు శుభ్రంగా వచ్చేవి. ఎండలో 1/500, 1/1000 పెడితే మాత్రం ఫ్రేములో ఒక పక్కంతా నలుపు. లెన్స్ పోయిందని ఒకరు, వెలుతురు కొలిచే లైట్ మీటర్ అని ఇంకొకరు. "అవే అయితే ఫాస్ట్ స్పీడుల్లోనే, అదీ ఒక పక్కే ఎందుకు చీకటవుతుంది?" అని ఫొటోగ్రాఫర్ అన్న ఆ రెండు మాటలూ కొట్టేశారు. ఈ కెమెరాలో బ్యాటరీ ఉండేది ఆ మీటర్ కోసమే. షట్టర్ మొత్తం స్ప్రింగులు, పళ్ళచక్రాల మీదే నడుస్తుంది.

రీలు వేస్ట్ చేయకుండా ఆయన చెప్పిన పరీక్ష భలే ఉంది. వెనక మూత తెరిచి, పాత డబ్బా టీవీ వెలుగుతుండగా దాని ముందు పెట్టి 1/1000లో నొక్కాలి. వెనక నుంచి చూస్తే ఏటవాలుగా ఒక వెలుగు చార కనిపిస్తుంది. దాని వెడల్పు చివరిదాకా ఒకేలా ఉండాలి. మాది పోనుపోను సన్నబడి మాయమైపోయింది.

దీనికి స్ప్రింగు బిగిస్తే చాలని చాలామంది అంటారు. మాస్టారు ఒప్పుకోలేదు. షట్టర్‌లో ఫిల్ముకి అడ్డంగా రెండు గుడ్డ కర్టెన్లు ఒకదాని వెనక ఒకటి పరుగెడతాయి. 1/1000లో వాటి మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లే. రోలర్ల దగ్గర పాత నూనె జిగురుగా మారి మొదటి కర్టెన్ నెమ్మదిస్తే, రెండోది వచ్చి దాన్ని అందుకుంటుంది. సందు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఫిల్ముకి వెలుతురు అందదు. జిగురు అలాగే ఉంచి స్ప్రింగు బిగిస్తే కొన్నాళ్ళు పనిచేసినట్టే ఉండి మళ్ళీ మొదటికొస్తుందని ఆయన మాట. అందుకే ముందు శుభ్రం చేసి, సూదిమొన మీద నిలిచేంత నూనె మాత్రమే పెట్టారు. స్ప్రింగు బిగువు ఆఖర్న కొద్దిగా సరిచేశారంతే. (తలుపు బందులకు కొట్టే స్ప్రే దీంట్లో కొట్టేవాళ్ళున్నారట, ఆ మాట చెబుతుంటేనే ఆయనకు కోపం.) చీకటి గదిలో టార్చి పెట్టి కర్టెన్లకు చిల్లులున్నాయేమో కూడా చూశారు. లేవు.

అప్పుడప్పుడు అన్ని స్పీడుల్లో ఊరికే నొక్కుతుండమన్నారు, షట్టర్ ఎక్కించి (లీవరు లాగి నొక్కకుండా వదిలేసి) బీరువాలో పెట్టొద్దన్నారు.

మాస్టారి నంబర్ అడక్కండి. ఉన్న కెమెరాలకే టైం చాలట్లేదని ఇవ్వొద్దన్నారు.