పాఠం ఒకటే, పనులు వేరుగా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

తరగతిలోని పిల్లలందరూ ఒకే స్థాయిలో ఉన్నారనుకుని పాఠం చెబితే, వెనకబడినవారికి అర్థం కాక, ముందున్నవారికి చేయడానికేమీ లేక పీరియడులో సగం వృథా అవుతుందని గణితం బోధించే నేను నిస్సంకోచంగా చెప్పగలను. అయితే స్థాయిని బట్టి వేర్వేరు పనులు ఇద్దామనగానే, అది పిల్లలను విడదీయడమేనన్న అభ్యంతరం వస్తుంది. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

భిన్నాల సంకలనాన్నే చూడండి. 1/2కు 1/3 కలపమంటే, లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడి 2/5 అని రాసే పిల్లలు తరచూ కనిపిస్తారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని అడిగితే, నోట్‌బుక్ వంక, నా వంక మార్చి మార్చి చూస్తారు. వారికి సూత్రం మళ్లీ వల్లించే బదులు, సమానమైన రెండు కాగితపు పట్టీలిచ్చి, ఒక్కోదాన్ని ఆరు గళ్లుగా మడత పెట్టించి, ఒకదానిలో సగానికి, మరోదానిలో మూడో వంతుకు రంగు వేయిస్తే, మూడు గళ్లూ రెండు గళ్లూ కలిపి 5/6 అని వారే చెబుతారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పట్టుబడినవారు ఆలోగా పుస్తకంలోని లెక్కలు చేసుకుంటారు. అవి ముందే ముగించినవారికి అలాంటివే ఇంకో పది ఇవ్వడం శిక్షే అవుతుంది. మొత్తం 5/6 వచ్చే భిన్నాల జతలు ఎన్ని ఉంటాయో, అవి ఎక్కడైనా ఆగుతాయో లేదో తేల్చమంటే వారి బుర్రకు పని దొరుకుతుంది. పిల్లలు ఒంటరిగా చేయగలిగినదానికీ, సాయంతో చేయగలిగినదానికీ నడుమనున్న మేర గురించి సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ చెప్పింది ఇదే. కాగితపు పట్టీ అలాంటి సాయం. అవసరం తీరగానే దాన్ని పక్కన పెట్టించాలి.

ఇక్కడే నేనొకసారి పొరపాటు చేశాను. పరీక్ష మార్కులను బట్టి గుంపులు చేసి, నెలల తరబడి మార్చలేదు. ఒకరోజు ఒక అమ్మాయి, ఇచ్చిన కాగితం తిప్పి చూడకుండానే, "మా బెంచీకి తేలిక లెక్కలే కదా టీచర్" అంది. జ్యామితిలో ఆమె చాలామంది కన్నా చురుకు; నేను మాత్రం భిన్నాల దగ్గరే ఆమెను కట్టిపడేశాను. ఆనాటి నుంచి ప్రతి పాఠం చివరి ఐదు నిమిషాల్లో అందరికీ ఒకే ప్రశ్న ఇచ్చి, చీటీ మీద జవాబు రాయించి, మర్నాటి పనులను ఆ చీటీలను బట్టే పంచుతున్నాను.

రోజూ మూడు రకాల పనులు తయారు చేయమని ఉపాధ్యాయులను ఒత్తిడి చేయడం న్యాయం కాదు. వారానికి ఒక పాఠంతో మొదలుపెట్టినా చాలు. అందుకోసం ఒకే సబ్జెక్టు చెప్పేవారు కలిసి కూర్చోవడానికి టైమ్‌టేబుల్‌లోనే ఒక పీరియడు కేటాయించాలని, సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే తనిఖీ అధికారులు పిల్లలు రాసిన ఆ చీటీలను కూడా అడిగి చూడాలని కోరుతున్నాను.

– ఒక గణిత ఉపాధ్యాయురాలు