రుణాన్ని తీసివేస్తే ధనం ఎందుకవుతుంది?

సంపాదకులు గారికి, నమస్కారం.

ఆరు, ఏడు తరగతుల్లో పూర్ణ సంఖ్యల పాఠం మొదలైన రోజుల్లో మా హనుమకొండ వీధుల్లో సాయంత్రం పూట నడిచి వెళుతుంటే ట్యూషన్ గదుల కిటికీల్లోంచి ఒకటే పాట వినిపిస్తుంది: ‘మైనస్ మైనస్ ప్లస్, ప్లస్ మైనస్ మైనస్’. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పయ్యేళ్లకు పైగా గణితం చెప్పి పదవీ విరమణ చేసిన నేను కూడా మొదటి పదేళ్లు పిల్లల చేత ఆ పాటే పాడించాను కనుక, ఈ విషయంలో ఎవరినో తప్పుపట్టే అర్హత నాకు పూర్తిగా లేదు. అయినా ఆ పాట వల్ల పిల్లలు ఎక్కడ దెబ్బతింటున్నారో, దాని బదులు చెప్పదగిన మాట మన తెలుగులోనే ఎంత దగ్గరగా ఉందో మీ పత్రిక ద్వారా తోటి ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పాట నేర్చిన పిల్లవాడిని 4 − (−2) ఎంత అని అడిగితే 6 అని టక్కున చెబుతాడు. సరే, సంతోషం. వెంటనే −3 − 5 ఎంత అని అడిగి చూడండి. చాలామంది 8 అంటారు. రెండు మైనస్‌లు కనిపించాయి, పాట గుర్తొచ్చింది, ప్లస్ వేసేశారు. మూడు రూపాయల అప్పులో ఉన్నవాడు ఇంకో అయిదు రూపాయలు ఖర్చు పెడితే ఎనిమిది రూపాయల ఆసామి అయ్యాడన్నమాట! అసలు ఆ పాట పుట్టింది గుణకారం కోసం. దాన్ని తీసివేతకు తెచ్చి అతికించినప్పుడు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో పాడేవాడికి తెలియదు, ఎందుకంటే పాటలో ‘ఎందుకు’ అన్నది లేదు.

చిక్కులో కొంత భాగం గుర్తుదే. ఒకే అడ్డగీతకు మనం రెండు పనులు అప్పగించాము. 4 − (−2)లో మొదటి గీత ‘తీసివెయ్యి’ అని చెప్పే ఆజ్ఞ, బ్రాకెట్‌లోని గీత ‘ఇది అప్పు’ అని చెప్పే గుర్తింపు. ఒకటి క్రియ, మరొకటి విశేషణం. మన పాత గణితజ్ఞులకు ఈ ఇబ్బంది లేదు. భాస్కరాచార్యుడి కాలానికి రుణ సంఖ్య నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. అంతకన్నా పాతదైన బక్షాలీ వ్రాతప్రతి అనే గణిత గ్రంథంలోనైతే రుణానికి వాడిన గుర్తు అచ్చం నేటి ప్లస్‌లాగే ఉంటుంది, అది చూసిన మన పిల్లలు ఏమంటారో ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది.

పోయిన సెలవుల్లో మా మనుమరాలు ఇదే లెక్క పట్టుకుని వచ్చింది. తాను చదివే బడిలో ‘ఎందుకు’ అని అడిగితే ‘రూల్ అంతే, రాసుకో’ అన్నారట. నేను గుప్పెడు మొక్కజొన్న గింజలు, గుప్పెడు చింతగింజలు తెచ్చి ముందు పోశాను. మక్కగింజ ఒక రూపాయి సొమ్ము, చింతగింజ ఒక రూపాయి అప్పు అని ఒప్పందం చేసుకున్నాము. ఒక మక్కగింజ, ఒక చింతగింజ జతపడితే విలువ సున్నా అని తానే చెప్పింది, అందులో బోధించవలసింది ఏమీ లేకపోయింది. తర్వాత గిన్నెలో నాలుగు మక్కగింజలు వేసి, ‘ఇందులోంచి రెండు చింతగింజలు తియ్యి బిడ్డా’ అన్నాను. గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. ‘తాతా, గిన్నెల చింతగింజలే లెవ్వు, ఏం తియ్యాలె?’ అంది.

ఆ ప్రశ్న దగ్గర ఉపాధ్యాయుడు కాసేపు నోరు మూసుకుని కూర్చోగలిగితే సగం పాఠం అయిపోయినట్లే. ‘గిన్నె విలువ మారకుండ చింతగింజలు వెయ్యొచ్చా?’ అని మాత్రం అడిగాను. కొంతసేపు గింజలను అటూ ఇటూ నెట్టి, ఒక చింతగింజకు ఒక మక్కగింజ తోడుగా చేర్చి గిన్నెలో వేసింది. మళ్లీ ఇంకో జత వేసింది. ఇప్పుడు గిన్నెలో ఆరు మక్కగింజలు, రెండు చింతగింజలు ఉన్నాయి, విలువ మాత్రం అదే నాలుగు. ఆ రెండు చింతగింజలను ఏరి బయట పెట్టింది. లెక్కపెట్టకుండానే ‘ఆరు’ అని, ఆ వెంటనే ‘అప్పు తీసేస్తే అప్పుకు తోడున్న పైసలు మిగిలినయ్’ అంది. నేను నల్లబల్ల మీద ఎన్నేళ్లు రాసినా అంత సూటిగా చెప్పలేకపోయాను.

లేని అప్పును తీయడమేమిటన్న పిల్లల అనుమానం తెలివితక్కువది కాదు. దానికి జవాబు మన పల్లెల్లో అందరూ ఎరిగిన మాటలోనే ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 2 లక్షల రూపాయల వరకు పంట రుణాలను మాఫీ చేసింది. ఆ మాఫీ ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న వాదంలోకి నేను పోను, నాకు కావలసింది అందులోని లెక్క మాత్రమే. పత్తి అమ్మగా వచ్చిన 50,000 రూపాయలు చేతిలో ఉండి, బ్యాంకులో 2,00,000 రూపాయల అప్పు ఉన్న రైతు అసలు స్థితి −1,50,000. బ్యాంకు ఆ అప్పును పద్దులోంచి కొట్టేసింది. రైతు జేబులోకి కొత్తగా ఒక్క రూపాయి కూడా రాలేదు, ఎవరూ వచ్చి చేతిలో డబ్బు పెట్టలేదు, అయినా ఆ సాయంత్రానికి అతడు 50,000 రూపాయల మనిషి. −1,50,000 − (−2,00,000) = 50,000. స్థితి మెరుగుపడింది సరిగ్గా 2,00,000 మేరకు, అంటే అంత సొమ్ము ఎవరో ఇచ్చినప్పుడు ఎంత మెరుగుపడేదో అంతే. తీసివేసింది రుణాన్ని, కలిసొచ్చింది ధనం. అప్పు లేనివాడే అధిక సంపన్నుడన్న సామెత కొంత అతిశయోక్తే అయినా, అది నడిచే దారి ఇదే.

అప్పు పోలిక అందరికీ నచ్చకపోవచ్చు. ముఖ్యంగా ఇంట్లో అప్పుల బాధ చూస్తున్న పిల్లల ముందు దాన్ని వాడేటప్పుడు కొంచెం చూసుకోవాలి. అటువంటి తరగతిలో నేను బోరుబావిని వాడేవాడిని. నేలమట్టం సున్నా. ఇంటి మీది ట్యాంకు 20 అడుగుల ఎత్తున ఉంది, మోటారు 150 అడుగుల లోతున, అంటే −150 దగ్గర ఉంది. మోటారు నుంచి ట్యాంకు దాకా నిలువుగా ఎంత పైపు కావాలి? వంపులకు, జాయింట్లకు పోయేది పక్కన పెడితే 170 అడుగులని మా ఊరి బోరు మెకానిక్ కాగితం కూడా ముట్టకుండా చెబుతాడు. అతడు చేసింది 20 − (−150). తీసివేత అంటే ‘తీసి పారేయడం’ ఒక్కటే కాదు, రెండింటి మధ్య ‘తేడా’ చూడడం కూడా. సున్నాకు చెరో వైపునా ఉన్న రెండు చోట్ల మధ్య దూరం కొలవాలంటే రెండు వైపుల కొలతలనూ కలపక తప్పదు.

పెద్ద తరగతుల పిల్లలు పోలికలు వద్దు, నిరూపణ చూపండి అంటే అదీ కష్టం కాదు. 7 − 4 = 3 అని ఎందుకంటున్నాము? 4కు 3 కలిపితే 7 వస్తుంది కనుక. తీసివేత కూడికకు ఎదురు నడక, అంతకుమించి దానికి వేరే అర్థం లేదు. అదే అర్థంతో 4 − (−2) అంటే, −2కు ఎంత కలిపితే 4 వస్తుందని అడగడం. రెండు కలిపితే సున్నాకు చేరాము, ఇంకో నాలుగు కలిపితే 4కు చేరాము, మొత్తం 6. జవాబు మరొకటి కావడానికి వీలే లేదు. ఇక్కడ నియమాన్ని ఎవరూ పైనుంచి రుద్దలేదు, మనకు ముందే తెలిసిన తీసివేతను సున్నా దాటించి అవతలికి తీసుకుపోయామంతే.

ఈ సంఖ్యలకు మన దేశంలో పెట్టిన పేర్లే ఈ పాఠం. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం 18వ అధ్యాయంలో ధనం, రుణం అన్న మాటలతోనే కూడికలు, తీసివేతలు, గుణకారాలకు నియమాలు చెప్పాడు. ధనంలోంచి రుణాన్ని తీసివేయవలసి వచ్చినప్పుడు దాన్ని కలపాలని, ‘క్షేప్యం’ అని, ఆయన స్పష్టంగా రాశాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచినా, ఐరోపాలో కొందరు పండితులు సున్నాకన్నా తక్కువైన సంఖ్య ఎలా ఉంటుందని వాదిస్తూనే ఉన్నారు. ధన సంఖ్య, రుణ సంఖ్య అని పలికే తెలుగు పిల్లవాడికి అప్పు, సొమ్ము అన్న అర్థం పేరులోనే దొరుకుతుంది. ‘నెగెటివ్’ అన్న మాటలో అది దొరకదు.

2022-23 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లోకి దశలవారీగా ఆంగ్ల మాధ్యమం వచ్చింది. దాన్ని నేను వ్యతిరేకించడం లేదు, మా మనుమరాలూ అందులోనే చదువుతోంది. కానీ ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు అచ్చువేస్తున్నప్పుడు, ఈ ఒక్క పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు తెలుగు పేజీని తిప్పేసి పోకుండా, ‘రుణ’ అన్న మాట మీద వేలు పెట్టి దాని అర్థం ఏమిటో పిల్లల చేతనే చెప్పించవచ్చు. దానికి పది నిమిషాలు చాలు. గింజలతో చేయిస్తే మరో పావుగంట. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర నాకు తెలియనిది కాదు, కానీ ఈ పావుగంట మిగుల్చుకున్న ఉపాధ్యాయుడు ఎనిమిదో తరగతిలో సమీకరణాలు చెప్పేటప్పుడు గుర్తుల తప్పులు దిద్దుతూ అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాడు. నేను పోగొట్టుకున్నాను.

గింజల పద్ధతి అన్నిటికీ పనికొస్తుందని చెప్పను. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకన్న ప్రశ్నకు గిన్నె, గింజలు అంత తేలికగా లొంగవు, దానికి విభాగ న్యాయం, అంటే a × (b + c) = a × b + a × c అన్న నియమం, దాకా పోవాలి. ఆ రెండు ప్రశ్నలూ వేర్వేరని పిల్లలకు తెలియడమే ముందు కావలసింది, ఎందుకంటే పాట ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టేసింది.

మీ పత్రిక విద్యా పేజీలో గురుకుల ప్రవేశ పరీక్షలు రాసే పిల్లల కోసం, టెట్ రాసే అభ్యర్థుల కోసం గణితం మెళకువలు ప్రచురించేటప్పుడు గుర్తుల నియమాల పట్టిక ఒక్కటే వేయకుండా, దాని పక్కన 4 − (−2) గిన్నె బొమ్మను, −3 − 5 లెక్కను కూడా వేయవలసిందిగా కోరుతున్నాను. మొదటిదానికి 6, రెండోదానికి −8 ఎందుకు వచ్చాయో రెండు వాక్యాల్లో రాయమని పాఠకులనే అడగండి. ఆ జవాబుల్లో చింతగింజలు వాడినవి ఏవైనా వస్తే వాటిని ముందుగా అచ్చువేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.