బెంజి ఎలా ఉంది నాన్నా అని అడిగావు కదా

అమ్మలూ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు కొందామనుకుంటున్న ఆ నల్ల బెంజి ఫొటో చూపించి ఎలా ఉంది నాన్నా అంటే బాగుందమ్మా అన్నాను. బాగానే ఉంది, అబద్ధం చెప్పలేదు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా టైపు చేస్తున్నా. "దాని డబ్బు, దాని ఇష్టం, మీకెందుకు" అని మీ అమ్మ పక్కనుంచి అంటూనే ఉంది. నిజమే. అడిగావు కాబట్టి చెబుతున్నా, అల్లుడుగారికి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

ముప్పై ఏళ్లు డిపోలో బస్సుల కింద పడుకున్నవాడిని, బండ్లంటే నాకు మోజు లేదని ఎవరూ అనలేరు. పోయినసారి సింగపూర్ వచ్చినప్పుడు పొద్దున్నే వాకింగ్ అని చెప్పి నేను చేసిన పని మీ పార్కింగ్‌లో కార్లు చూసుకుంటూ తిరగడమే. డొక్కు బండి ఒక్కటీ కనపడలేదు. మన దగ్గర 15 ఏళ్ల మారుతిని కూడా కన్నకూతురిలా చూసుకుంటారు, అక్కడ తొమ్మిదేళ్లు దాటిన బీఎండబ్ల్యూ, గీత కూడా పడనిది, స్క్రాపుకి వెళ్లడానికి నెలలు లెక్కపెట్టుకుంటోందని అల్లుడుగారు చెప్తే నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది. మెకానిక్ బాధ నీకు అర్థం కాదులే.

అప్పుడే ఆ సీఓఈ సంగతి, అదే కారు ఉంచుకోవడానికి అక్కడి సర్కారు వేలంలో అమ్మే పర్మిట్ కాగితం సంగతి, మొదటిసారి విన్నాను. అప్పట్నుంచి అదొక పిచ్చి పట్టుకుంది, నెలకు రెండుసార్లు వేలం అయిన రోజు రాత్రి ఎంత పలికిందో చూసి పాత డైరీలో రాసుకుంటున్నా. 735 చదరపు కిలోమీటర్ల నేల, దాని మీద 60 లక్షల పైచిలుకు జనం, రోడ్లకే 12 శాతం పోయింది, ఇంకా ఎక్కడ వేస్తారు రోడ్లు? అందుకని 1990లోనే కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు కొనుక్కోవాలని పెట్టేశారు. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్య ఏటా పెంచే శాతాన్ని సున్నా చేసేశారు. ఒక పాతది వెళ్తే ఆ ఖాళీలోకి ఒక కొత్తది, చాలామటుకు అంతే.

2023 అక్టోబర్‌లో పెద్ద కార్ల సీఓఈ 1,50,001 సింగపూర్ డాలర్లు పలికింది. మన డబ్బుల్లో 90 లక్షల పైమాటే. అది కారుకి కాదమ్మా, కాగితానికి! పదేళ్లకు ఆ కాగితం అయిపోతుంది, మళ్లీ అప్పటి రేటు కట్టి 5 ఏళ్లో 10 ఏళ్లో పొడిగించుకోవాలి, లేదంటే బండి రోడ్డు మీద ఉండకూడదు. నేను కూర్చుని లెక్క వేశాను, ఆ రేటుకి రోజుకి 41 డాలర్లు. నువ్వు బండి తీసినా సరే, కవర్ కప్పి కింద వదిలేసి మన ఊరు వచ్చి నెల రోజులు మామిడికాయ పప్పు తింటూ కూర్చున్నా సరే, ఆ 41 పోతూనే ఉంటాయి. కారుకి ఇది కాక ఏఆర్‌ఎఫ్ అని ఇంకో పన్ను, బండి ఖరీదు పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది. దిగుమతి విలువ 60 వేలు ఉన్న బండికి 86 వేలు ఆ పన్నే. 80 వేలు దాటిన భాగానికైతే ఏకంగా 320 శాతం. సగం పైగా అప్పు తీసుకుంటానంటున్నావు, ఏడేళ్లకు మించి లోన్ ఇవ్వరు కాబట్టి నెల కట్టుబడి ఎంతో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇంత పెట్టి కొన్న బండిని ఎంత స్పీడు తోలతావు? అక్కడ ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా 90 దాటకూడదు. ఇంజిన్ కసి తీరాలంటే మలేసియా వెళ్లాలి, దానికీ ముప్పావు ట్యాంకు పెట్రోలు లేకపోతే బోర్డర్ దగ్గర వెనక్కి పంపుతారు.

ఇంకో తమాషా. చిన్న కార్ల సీఓఈ కోటాలోకి ఖరీదైన కంపెనీల బండ్లు వచ్చి పడుతున్నాయని 2014లో ఇంజిన్ 130 హార్స్‌పవర్ దాటకూడదని రూల్ పెట్టారు. కంపెనీలు ఏం చేశాయనుకున్నావు, పవర్ తగ్గించిన మోడళ్లు తెచ్చాయి. పులికి కోరలు పీకి అమ్మినట్టు. అయినా కొన్నారు, ఎందుకంటే ముందున్న ఆ కంపెనీ గుర్తు అలాగే ఉంది కదా! నువ్వు చూపించింది కూడా ఆ బాపతుదేమో ఒకసారి అడుగు.

గుర్తు కోసం కొనడం తప్పని నేను అనలేను. ఆ అర్హత నాకు లేదు. మన ఫియట్ నీకు లీలగా గుర్తుండాలి, క్రీమ్ కలర్. 1996లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, వీధిలో అదే మొదటి కారు. వీధి అంటే ఏముంది, రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన సందు. పెట్టుకోవడానికి జాగా లేక ఇంటి ముందు గోడకి ఆనించి పెట్టేవాడిని. అందరూ పక్కకి ఒదిగి వెళ్తుంటే, నిజం చెప్పొద్దూ, లోపల గర్వంగానే ఉండేది. ఆరు నెలలకి ఎదురింటి పెద్దాయన పోయారు. పాడె లేచే టైముకి బండి తీద్దామని వెళ్తే బ్యాటరీ డౌన్, డిపో మెకానిక్ బండి స్టార్ట్ కాలేదు! వెనక పెళ్లి పందిరి గుంజలు పాతి ఉన్నాయి, తోయడానికీ దారి లేదు. మోసేవాళ్లు పాడెని భుజాల మీంచి చేతుల మీదకి ఎత్తి, నా బానెట్ మీదుగా దాటించారు. ఒక బంతిపువ్వు వైపర్‌లో ఇరుక్కుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లబ్బాయి అయితే నా వైపు చూడను కూడా చూడలేదు. దాన్ని అమ్మేసింది పెట్రోలు ఖర్చుకని మీ అందరికీ చెప్పాను, అందుకు కాదు.

సింగపూర్‌లో అలా జరగదు, అన్నిటికీ గీతలు గీసి పెట్టారు, ఒప్పుకుంటాను. కానీ అక్కడైనా ఇక్కడైనా లేని చోటులో నేను ఇంత ఆక్రమించగలను అని పదిమందికీ చూపించడమే కదా. క్యాష్, కారు, క్రెడిట్ కార్డు, కండోమినియం, కంట్రీ క్లబ్ అని అక్కడివాళ్లే తమ మీద తాము జోకు వేసుకుంటారని నువ్వే చెప్పావు. మరి నీ బెంజి ఎవరు చూడాలి? నీ ఆఫీసులో ఆ అమ్మాయా? పెళ్లిలో మీ మేనత్త ఆడిన మాట ఇంకా నీ మనసులో ఉందా? ఆవిడ కోసమైతే చెప్పు, ఆవిడకి కళ్లజోడుతో కూడా బెంజికీ బొలెరోకీ తేడా తెలియదు.

మీ అత్తగారి మోకాళ్ల కోసమైతే మాత్రం నేను నోరెత్తను. ఆవిడ మెట్రో మెట్లు ఎక్కలేక ఆగి ఆగి నిలబడడం చూశాను. అలాగైతే మామూలు టయోటా ఒకటి చూసుకోండి, డోరు వెడల్పుగా తెరుచుకునేది, సీటు మరీ కిందికి లేనిది. స్పోర్ట్ మోడల్‌లో ఆవిడ కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి.

బుడ్డోడు ఇంకా డబుల్ డెక్కర్‌లో పైన ముందు సీటే కావాలంటున్నాడా? నేనున్నప్పుడు ఆ సీటు ఖాళీ లేకపోతే బస్సు వదిలేసి తర్వాతదాని కోసం నిలబడేవాళ్లం, నువ్వు ఆఫీసు నుంచి వచ్చి లేటెందుకైందని అడిగితే ఇద్దరం ఒకే అబద్ధం చెప్పేవాళ్లం.

మొన్నటి వేలం ఎంతకి ముగిసిందో కాస్త చూసి పెట్టు. నా ఫోన్‌లో ఆ పేజీ తెరుచుకోవడం లేదు, డైరీలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది.

నాన్న