హాన్‌కాక్ డిస్కో ఏళ్లను పతనం అనడం అన్యాయం

సంపాదకులకు,

అంతర్జాతీయ జాజ్ దినోత్సవం సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో అమెరికన్ జాజ్ పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ మీద వేసిన వ్యాసం చదివాను. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో ఆయన గడిపిన ఏళ్ల గురించి చక్కగా రాశారు. కానీ 1978 నుంచి 1982 దాకా ఆయన చేసిన పనినంతా డబ్బు కోసం డిస్కోకు దిగజారడం అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తేదీలు చూసినా అది నిలబడదు.

ఒక్క 1978నే తీసుకోండి. ఫిబ్రవరిలో ఆయన మరో జాజ్ పియానిస్టు చిక్ కొరియాతో కలిసి రెండు పియానోల కచేరీలు చేశారు. ఆ ఏడాదే 'సన్‌లైట్' ఆల్బమ్ విడుదలైంది. మీ వ్యాసకర్త పతనానికి మొదలుగా చూపించింది దాన్నే. అక్టోబరులో టోక్యోలో ఒంటరిగా పియానో ముందు కూర్చుని 'ది పియానో' రికార్డు చేశారు. అది టేపు వాడకుండా నేరుగా డిస్కు మీదికే ఎక్కించిన రికార్డింగు. ఎక్కడ వేలు తడబడినా తర్వాత దిద్దుకునే వీలుండదు. మరుసటి ఏడాది 'ఫీట్స్ డోంట్ ఫెయిల్ మీ నౌ' వచ్చింది, అచ్చమైన డిస్కో. ఆ జులైలోనే మళ్లీ టోక్యోలో, కుండపోత వానలో, ఫ్రెడ్డీ హబ్బర్డ్, వేన్ షార్టర్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్‌లతో వి.ఎస్.ఓ.పి. అనే జాజ్ బృందంగా కచేరీ. జాజ్‌ను అమ్ముకున్న మనిషి చేసే పనులేనా ఇవి?

'సన్‌లైట్' విన్నవాళ్లెవరూ ఆ మాట అనరని నా నమ్మకం. అందులో మొదటి పాట 'ఐ థాట్ ఇట్ వాజ్ యూ' బ్రిటన్‌లో టాప్ 20లోకి వెళ్లింది. అందులో పాడేది హాన్‌కాకే, వోకోడర్ సాయంతో. మైకులో పలికిన మాటల రూపాన్ని ఆ యంత్రం సింథసైజర్ నాదానికి తొడుగుతుంది. మాట నోటి నుంచి వస్తుంది, స్వరం మాత్రం కీబోర్డు మీది వేళ్ల నుంచి వస్తుంది. వేళ్లు ఒకేసారి నాలుగు మెట్లు నొక్కితే గొంతు నాలుగు స్వరాల్లో పలుకుతుంది. అందుకే ఆ డాన్సు పాటలో గొంతు కదిలే తీరులో జాజ్ పియానిస్టు కట్టే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) వినిపిస్తాయి. గాయకుడు కాని మనిషి తన వేళ్లతో పాడటానికి కనిపెట్టుకున్న దారి అది. ఇక ఆ రికార్డు రెండోవైపు చివర ఉన్న 'గుడ్ క్వశ్చన్'లో జాకో పాస్టోరియస్ బేస్, టోనీ విలియమ్స్ డ్రమ్స్, వాటి మీద హాన్‌కాక్ పియానో ఉరుకులు. చిందులేయడానికి కొన్నవాళ్ల ఇళ్లలోకి అదీ వెళ్లింది.

అసలు జనానికి పట్టే లయల దారి ఆయనకు కొత్తది కాదు. 1962లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోనే 'వాటర్‌మెలన్ మ్యాన్' ఉంది. చిన్నప్పుడు షికాగో సందుల్లో రాళ్ల బాట మీద పుచ్చకాయల బండి చక్రాలు చేసిన చప్పుడు దాని లయకు ఆధారమని ఆయనే చెప్పారు. ఆ పాటనే 1973లో 'హెడ్ హంటర్స్' ఆల్బమ్ కోసం, లయ ప్రధానంగా సాగే ఫంక్‌గా తిరగరాశారు. మధ్య ఆఫ్రికా అడవుల్లోని పాట పద్ధతిని అనుకరిస్తూ బిల్ సమర్స్ ఖాళీ బీరు సీసా ఊదుతూ మొదలవుతుంది. ఆ ఆల్బమ్‌లో గిటారే లేదు. గిటారులా వినిపించేది హాన్‌కాక్ వాయించిన క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు. అంతకుముందు మూడేళ్లు నడిపిన ప్రయోగాల బృందానికి ఆయన సొంత రాబడిలోంచి ఖర్చు పెట్టుకున్నారు. అలాంటివాడు వినేవాళ్లు కావాలనుకుంటే తప్పేమిటి?

ఈ డిస్కో చులకన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీ పాఠకులకు తెలియాలి. 1979 జులై 12న, హాన్‌కాక్ పుట్టిన షికాగోలోనే, కమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో రెండు మ్యాచ్‌ల మధ్య ఒక పెట్టెడు డిస్కో రికార్డులను పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి చేసిన విధ్వంసంతో రెండో మ్యాచ్ ఆగిపోయింది. నల్లజాతి వాళ్లు, లాటినోలు, స్వలింగ సంపర్కులు నడిపించుకున్న క్లబ్బుల్లో పెరిగిన సంగీతం మీద చూపించిన కసి అది. ఆ కసిని ఇన్నేళ్ల తర్వాత తెలుగు పత్రికలో మనం ఎందుకు మోయాలి?

అన్నీ గొప్పవని నేను అనను. 1982 నాటి 'లైట్ మీ అప్' ఆల్బమ్ నా చెవికి ఎక్కలేదు. పాటల రచయిత రాడ్ టెంపర్టన్ చేయి పడిన పాటల పనితనం బాగుంది గానీ, హాన్‌కాక్ ఎక్కడున్నారో వెతుక్కోవాలి. ఆ మాట ఆ రికార్డు పేరు పెట్టి రాయండి, ఒప్పుకుంటాను. అయిదేళ్ల పనిని కలగలిపి కొట్టేస్తే మాత్రం, మీ వ్యాసమే మెచ్చుకున్న 1983 నాటి 'రాకిట్' పాట ఎక్కడి నుంచి ఊడిపడిందో పాఠకుడికి అర్థం కాదు. అందులో గ్రాండ్‌మిక్సర్ డి.ఎస్‌.టి. అనే డీజే రికార్డును ముందుకూ వెనక్కూ గీకుతుంటే దాన్ని వాద్యంగా పక్కన నిలబెట్టుకున్న ధైర్యానికి ఆ డాన్సు రికార్డుల్లోనే పునాది పడింది.

ఆ వాక్యాన్ని ఆన్‌లైన్ ప్రతిలో సరిచేయండి. వీలైతే 'సన్‌లైట్' మొదటి నుంచి చివరిదాకా విన్నవారితో దాని మీదే ఒక వ్యాసం రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం